రాజుగారిని చూడాలంటే రాగిముద్ర

ఒకానొక రాజ్యంలో రాజుగారి మీసాలకు కూడా ఒక బిరుదు ఉండేది. ఆ రాజ్యం పేరు కనకమెట్ట. రాజు పేరు గండభూపాలుడు. ఆయన మీసాల బిరుదు 'శత్రుహృదయ శూలద్వయం'. సభ మొదలయ్యే ముందు వందిమాగధులు రాజు బిరుదులన్నీ చదివి, చివర మీసాల బిరుదు కూడా చదివితే గానీ ఆయన సింహాసనం మీద కుదురుగా కూర్చునేవాడు కాదు.

అలాగని చెడ్డవాడేం కాదు. చెరువులు తవ్వించాడు, బాటలు వేయించాడు, కరువు వస్తే గాదెలు తెరిపించాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. తన రాజ్యంలో ఏదైనా గొప్పదని చెప్పాలంటే ముందు అది ఎంత ఖరీదైనదో చెప్పాలి. ఖరీదు తక్కువైతే ఆయన కంటికి అది ఆనేది కాదు.

కనకమెట్టలో దసరా వచ్చిందంటే కోట ముందు మైదానంలో భాగవతులు ఆటలు ఆడేవారు. పొద్దు వాలగానే కాగడాలు వెలిగేవి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడి, దాన్ని దించగానే వెనకనుంచి వేషాలు ఒక్కొక్కటే ముందుకు వచ్చేవి. చూడ్డానికి ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు. ఆట నచ్చినవాళ్లు మధ్యలో లేచి తమకు తోచింది ఇచ్చేవారు. కలవాళ్లు వరహా ఇస్తే లేనివాళ్లు కొబ్బరికాయ ఇచ్చేవారు. దాన్ని చదివింపు అనేవారు. మేళంలో హాస్యగాడు ఆట ఆపి, ఫలానా వీధి ఫలానావారి చదివింపు అని అందరికీ వినబడేలా కేకవేసేవాడు. అలా తన పేరు ఒక్కసారి వినబడితే చాలు, ఆ మనిషి మళ్లీ దసరా దాకా దాన్నే చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇలా ఉండగా రాజుకు మైదానం నచ్చకుండా పోయింది. నాపరాళ్లు పరిచి, నగిషీ స్తంభాలు నిలబెట్టి, పెద్ద నాట్యమందిరం కట్టించాడు. ఆటలన్నీ ఇక అందులోనే ఆడాలన్నాడు. కోశాధికారి సూరపరాజు గుమ్మం దగ్గర ఒక బల్ల వేయించి, లోపలికి వెళ్లేవాళ్లు రాగిముద్ర కొనాలని చాటింపు వేయించాడు. మొదటి ఏడు ముద్ర ఖరీదు ఒక కాసు. పోనీలే, మందిరం బాగుంది కదా అని జనం కొన్నారు. మరుసటి దసరాకి అది ఒక రూక అయింది. ఆ పై ఏడు అరవరహా అయింది.

అంతటితో ఊరుకుంటే అతను సూరపరాజు ఎందుకవుతాడు? కిటికీ దగ్గర కూర్చుంటే గాలి సుంకం పెట్టాడు. చెప్పులు విడిచిన చోటికి చెప్పుల సుంకం పెట్టాడు. ఇవి కాక ఇంకొకటుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముద్ర అమ్మి డబ్బు లెక్కపెట్టుకోవడం శ్రమ కాబట్టి, ఆ శ్రమకు కూడా కొనేవాడే సుంకం కట్టాలన్నాడు! పైగా అతని బావమరిది తెల్లవారకముందే వచ్చి ముద్రలన్నీ మూటకట్టుకుపోయి, సందు మలుపులో నిలబడి రెట్టింపు ధరకు అమ్మేవాడు.

చూస్తూ చూస్తుండగానే ఊరి జనం బయటే ఉండిపోయారు. లోపల పట్టుపరుపుల మీద పెద్దమనుషులు కూర్చునేవారు. వాళ్లు ఆటకంటే ఒకరి ఉంగరాలు ఒకరు ఎక్కువగా చూసుకునేవారు.

ఆ ఆస్థానంలో మాచన అని ఒక విదూషకుడు ఉండేవాడు. మాట పదును, మనసు మెత్తన. పట్టుదల మాత్రం ఉడుంపట్టు. ఒకరోజు పొద్దున్నే బెల్లం వీధి పోలమ్మ అతని ఇంటికి వచ్చింది. ఆవిడ బెల్లం అమ్ముకుని బతికే ముసలావిడ. వీధిలో అందరికంటే పెద్దది.

"అయ్యా, మా సింగన్న ఈ ఏడు రాణి ఏసం కడతన్నాడు. మొట్టమొదటి ఏసం. ఇజయదశమి సాయంత్రం ఆట," అంది.

"శుభం అవ్వా! నీ మనవడి గొంతు నేను విన్నాను. మేళానికే పేరు తెస్తాడు. తప్పకుండా చూడు," అన్నాడు మాచన.

"ఎట్టా చూసేదయ్యా? లోపలికి పోవాలంటే అరవరహా అంట. మలుపులో అయితే వరహా అంట."

మాచన మొలలో చేయిపెట్టి డబ్బుసంచి తీశాడు. పోలమ్మ ఆ చేతిని వెనక్కి నెట్టేసింది.

"నాకొద్దు. అమ్మా అయ్యా లేని పిల్లోణ్ణి నేనొక్కదాన్నే పెంచానా ఏంది? ఈదంతా పెంచింది. ఆడు కట్టే చీర ఎదురింటి నాగులమ్మ నేసింది. సవరం ఒకరిచ్చారు, గాజులు ఒకరిచ్చారు. ఆళ్లందర్నీ బయట నిలబెట్టి నేనొక్కదాన్ని పోయి చూసొస్తే రేపు ఆళ్ల మొకం ఎట్టా చూసేది? చూస్తే అందరం చూడాల. లేకపోతే ఎవరం ఒద్దు."

అలా అన్నదే గానీ, అనేటప్పటికి ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"అవ్వా, విజయదశమి సాయంత్రం నీ వీధి వీధంతా ముందు వరుసలో కూర్చుంటుంది. అది నా పూచీ. అలా జరక్కపోతే మర్నాడు ఈ ఊళ్లో మాచన ఉండడు," అన్నాడు.

అక్కడినుంచి తిన్నగా సభకు పోయాడు.

"ప్రభూ, నాట్యమందిరం ఖాళీగా ఉంటోంది."

"ఖాళీగా కాదు మాచనా, విశాలంగా ఉంటోంది," అన్నాడు రాజు.

"నిరుడు దసరా ఆటలో రాక్షసుడు గావుకేక పెడితే ముందు వరుసలో ఒక దొరగారు ఉలిక్కిపడి లేచారు. అప్పటిదాకా మేళానికి మద్దెల అక్కర్లేకపోయింది, ఆయన గురకే సరిపోయింది. ప్రభూ, ముద్ర ఖరీదు తీసేయండి. మన జనాన్ని లోపలికి రానివ్వండి."

సభలో కొందరు నవ్వబోయి రాజు ముఖం చూసి మానుకున్నారు. రాజు మీసం మెలేశాడు.

"చూడు మాచనా, ఖరీదు పెరిగితే వైభవం పెరుగుతుంది. మైదానంలో ఆడినప్పుడు అది కోలాహలం. ఇప్పుడు అది కళ. ఖరీదు పెరిగినందువల్ల వైభవం తగ్గిన వస్తువు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించు. ఆ పూటే మందిరం తలుపులు బార్లా తెరిపిస్తాను. విజయదశమి లోపల చూపించలేకపోయావో, నీ ఆస్థాన శాలువా ఇక్కడ పెట్టి వెళ్లిపో."

"చిత్తం. ఒప్పుకున్నాను," అన్నాడు మాచన. సూరపరాజు పక్కనుంచి ముసిముసిగా నవ్వాడు.

ఆ తర్వాత మాచన మళ్లీ నోరెత్తలేదు. దసరా మొదలైంది. ఒకరోజు వేలాడేసిన ముఖంతో సభకు వచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమరు చెప్పిందే నిజమని నా మట్టిబుర్రకు ఇప్పటికి ఎక్కింది. అయితే ఒక్క విషయం తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు."

"ఏమిటది?"

"మందిరంలో ఒకడు తగరపు కిరీటం పెట్టుకుని రాజు వేషం కడుతున్నాడు. వాణ్ణి చూడాలంటే అరవరహా. విజయదశమి నాడు అసలు సిసలు రాజు, అసలు కిరీటంతో, ఏనుగు అంబారీ మీద జమ్మిపూజకు ఊరేగుతాడు. ఆయన్ని చూడ్డానికి మాత్రం కాసు కూడా లేదు! అంటే ఈ ఊళ్లో ఏ రాజుకు వైభవం ఎక్కువ ప్రభూ?"

రాజు ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్లూ తాను ఉత్తపుణ్యానికి కనబడుతున్నానన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. పొగరు ఎక్కినవాడికి కాస్త అవమానం చూపిస్తే చాలు, గొయ్యి తనే తవ్వుకుంటాడు. ఈయన గడ్డపార కూడా తనే తెప్పించుకున్నాడు.

"సూరపరాజా! వేషగాడికంటే నేను తీసిపోయానా? నా ఊరేగింపుకు కూడా ముద్ర పెట్టు. వరహా పెట్టు. కాదు, రెండు పెట్టు!"

సూరపరాజు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "చిత్తం ప్రభూ! లెక్కపెట్టే శ్రమకు సుంకం వేరుగా వేస్తాను."

"మరి ముద్ర లేనివాళ్లు ఏంచేయాలి ప్రభూ?" అని మాచన అమాయకంగా అడిగాడు.

"తలుపులు మూసుకోవాలి. వీధిలో ఉంటే అటు తిరిగి నిలబడాలి. ఊరికే చూసినవాడి వీపు చిట్లగొట్టండి!" అని రాజు గర్జించాడు.

ఆ సాయంత్రమే చాటింపు వేశారు. మాచన చాటింపు డప్పు వెంటే వీధి వీధీ తిరిగాడు. బెల్లం వీధిలో మరికాసేపు ఆగి, "అమ్మలారా, అయ్యలారా, ఇది రాజాజ్ఞ. పొల్లు పోకుండా పాటించండి. ఎవరూ తొంగి కూడా చూడొద్దు. ఎవరు పిలిచినా తలుపు తీయొద్దు," అని మరీ మరీ చెప్పాడు.

పోలమ్మ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరేనయ్యా," అంది. ఆవిడ అంతకు మించి అడగలేదు.

విజయదశమి వచ్చింది. మధ్యాహ్నం దాటగానే భద్రం అనే పట్టపుటేనుగుకు రంగులు పూసి, బంగారు అంబారీ కట్టారు. రాజు తలమీద కిరీటం, మెడలో హారాలు, మీసాలకు రెండేసి పూతల మైనం. ముందు భేరీలు, వెనక సామంతులు, మంత్రులు. కోట తలుపులు తెరుచుకున్నాయి. రాజు అలవాటు ప్రకారం కుడిచెయ్యి ఎత్తి చిరునవ్వు నవ్వాడు.

ఎదురుగా ఎవరూ లేరు.

ముద్ర కొనగలిగిన పెద్దమనుషులందరూ ఊరేగింపులోనే ఉన్నారు. ఇక కొనేదెవరు? రాజవీధి పొడుగునా తలుపులు బిగించి ఉన్నాయి. చావడి దగ్గర మంగలి, సగం గీసిన గడ్డంతో అతని ముందు మనిషి, ఇద్దరూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని వీపులు చూపించారు. వందిమాగధులు ఆ వీపులకు వినబడేలా బిరుదులన్నీ అరిచారు. మీసాల బిరుదు చదివేటప్పటికి వాళ్ల గొంతులు కూడా సన్నగిల్లాయి.

సందు మలుపులో మాత్రం ఒక్కడు రాజు వైపు తిరిగి నిలబడ్డాడు. అతను సూరపరాజు బావమరిది. ముద్రలన్నీ కొని మూటకట్టాడు గదా, అమ్ముడుపోక ఆ మూటను కావలించుకుని ఏడుస్తున్నాడు. రాజుకు ఆరోజు దక్కిన ప్రేక్షకుడు అతనే.

బెల్లం వీధి మొదట్లో ఒక ఇంట్లోనుంచి చిన్నపిల్ల గొంతు వినబడింది. "అమ్మా, రాజుగారొచ్చారా? చూస్తానే!"

"ఒద్దమ్మా, కళ్లు మూసుకో. మన దగ్గర అంత డబ్బు లేదు," అంది తల్లి.

ఎత్తిన చెయ్యి రాజు మెల్లగా దించేశాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

ఊరేగింపు బెల్లం వీధిలోకి వచ్చింది. పోలమ్మ ఇంటి ముందు భద్రం టక్కున ఆగింది. అది రాజు తాతగారి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. ఆ ఇంటి పెద్దావిడ రాజుకు తొలి హారతి ఇచ్చి, ఏనుగుకు బెల్లం అచ్చు పెడితే గానీ సవారీ ముందుకు కదలదు. భద్రం గున్నగా ఉన్నప్పటి నుంచి ఆ గుమ్మం ముందు బెల్లం తింటోంది. దానికి చాటింపులు తెలియవు. తొండంతో తలుపు తట్టింది.

మావటి అంకుశం చూపించాడు. బుజ్జగించాడు. తిట్టాడు. భద్రం చెవులు ఊపుకుంటూ అక్కడే నిలబడింది. పూజారి ఆకాశం వైపు చూసి కంగారుపడ్డాడు. "ప్రభూ, జమ్మిపూజ ముహూర్తం దాటిపోతుంది! దాటితే రాజ్యానికి అరిష్టం!"

"ఎవరక్కడ? తలుపు తీయండి!" అని రాజు అంబారీ మీదనుంచి అరిచాడు.

లోపల్నుంచి పోలమ్మ గొంతు వచ్చింది. "తలుపు తీస్తే తమరు కనబడతారు దొరా. నా దగ్గర ముద్ర లేదు."

"రాజును నేనే చెబుతున్నాను, తియ్యి!"

"చూడొద్దని చెప్పింది కూడా తమరే గదా దొరా. రెంటిలో ఏది ఇనమంటారు?"

రాజు పళ్లు నూరాడు. చేసేదిలేక, "సరే, ఆ ముసలమ్మకు ఒక ముద్ర ఊరికే ఇచ్చేయండి," అన్నాడు.

సూరపరాజు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ! ఒకరికి ఊరికే ఇస్తే రేపు అందరూ అడుగుతారు! పోనీ, లెక్కపెట్టే శ్రమ సుంకమైనా..."

"నోర్ముయ్!" అన్నాడు రాజు.

లోపల్నుంచి మళ్లీ గొంతు వచ్చింది. "నా ఒక్కదానికీ ఒద్దు దొరా. చూస్తే ఈదంతా చూడాల. లేకపోతే ఎవరం ఒద్దు."

రాజు చెమటలు కారుతూ చుట్టూ చూశాడు. "మాచనా! మాచన ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను ప్రభూ," అని ఏనుగు పక్కనుంచి జవాబు వచ్చింది. మాచన వీపు ఇటు తిప్పి, ఎదురింటి గోడను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

"ఇటు తిరుగు!"

"తిరగలేను ప్రభూ. నాకూ ముద్ర లేదు. కోట దగ్గర్నుంచి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. దారిలో పేడకళ్లు కూడా తొక్కాను."

"నీ మొహం! ఏమిటీ ఊరికి పట్టిన తెగులు?"

మాచన గోడతోనే మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఖరీదు పెరిగినందువల్ల వైభవం తగ్గిన వస్తువు ఒక్కటి చూపించమన్నారు ప్రభూ. విజయదశమి ఇంకా దాటలేదు. ఈ రాజ్యంలో ఇవాళ అన్నిటికంటే ఖరీదైనది తమ దర్శనం. కిరీటం అదే, ఏనుగు అదే, మీసాలు అవే. నిరుడు ఈ వీధిలో తమ మీద పూలు పడుతుంటే మావటికి దారి కనబడలేదు. ఇవాళ ఎలా ఉందో తమరే చూస్తున్నారు. నేను చూడకూడదు గనక తమరే చెప్పాలి."

భద్రం తొండంతో మళ్లీ తలుపు తట్టింది.

"ఈ అవ్వ మనవడు ఇవాళ సాయంత్రం మొట్టమొదటి వేషం కడుతున్నాడు," అన్నాడు మాచన. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. "తనవాళ్లు ఒక్కరూ ఎదురుగా లేకుండా ఆడాలి వాడు. తమకు ఇప్పుడు ఎలా ఉందో, సాయంత్రం తెర దించినప్పుడు వాడికీ అలాగే ఉంటుంది ప్రభూ."

రాజు మూసి ఉన్న ఆ తలుపుకేసి చూశాడు. ఏమనేవాడో గానీ, అంతలో ఇందాకటి చిన్నపిల్ల మళ్లీ కేకేసింది. "అమ్మా, రాజుగారు పోయారా? కళ్లు నొప్పెడుతున్నాయే!"

గండభూపాలుడికి మొదట పెదవి వణికింది. తర్వాత బొజ్జ కదిలింది. ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. అంబారీ గంటలన్నీ ఆ నవ్వుకు గలగలమన్నాయి.

"తెరవండి! తలుపులన్నీ తెరవండి! అందరూ చూడండి, ఊరికే చూడండి! మాచనా, ఇటు తిరగరా, ఓడిపోయాను!"

ఒక్కసారిగా వీధి తెరుచుకుంది. ఎక్కడ దాచారో గానీ బుట్టలకొద్దీ పూలు వచ్చిపడ్డాయి. పోలమ్మ హారతి పళ్లెంతో బయటికి వచ్చి రాజుకు దిష్టి తీసింది. భద్రం నోట్లో బెల్లం అచ్చు పెట్టింది. ఏనుగు వెంటనే కదిలింది. జమ్మిచెట్టు దగ్గరికి ముహూర్తం దాటకముందే చేరుకున్నారు.

సాయంత్రం నాట్యమందిరం తలుపులు బార్లా తెరిచారు. గుమ్మం దగ్గరి బల్లను మందిరం నుంచి మోసుకుపోయింది స్వయంగా సూరపరాజే. మోసిన శ్రమకు అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పట్టుపరుపులు తీసేసి చాపలు వేశారు. బెల్లం వీధి మొత్తం ముందు వరుసలో కూర్చుంది. రాజు వాళ్ల పక్కనే కూర్చున్నాడు.

తెర దిగింది. నాగులమ్మ నేసిన చీర కట్టి, వీధి ఇచ్చిన గాజులు తొడుక్కుని సింగన్న అడుగుపెట్టాడు. ముందు వరుసలో అవ్వను చూశాడు. ఒక్క క్షణం పాట మరిచాడు. "పాడరా అయ్యా, మేమందరం ఉన్నాం!" అని పోలమ్మ అరిచింది. వాడు గొంతెత్తాడు. ఆ పాటకు మందిరం స్తంభాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి.

రాజు తన చేతి రవ్వల కంకణం తీసి, మాచన వైపు చూపించి హాస్యగాడికి అందించాడు. హాస్యగాడు ఆట ఆపి కేకవేశాడు. "మహారాజావారి చదివింపు! ఆస్థాన విదూషకులు మాచనగారికి రవ్వల కంకణం!"

మాచన లేచి వంగి దణ్ణం పెట్టాడు. "పుచ్చుకునే శ్రమకు సుంకం ఎంత ప్రభూ?" అని అడిగాడు. జనం గొల్లుమన్నారు.

అప్పుడు పోలమ్మ కొంగుముడి విప్పి ఏదో అందించింది. హాస్యగాడు దాన్ని రెండు చేతులా పైకెత్తి, రాజు కంకణానికి ఎంత గొంతు పెట్టాడో అంతే గొంతుతో అరిచాడు. "బెల్లం వీధి పోలమ్మగారి చదివింపు! మహారాజావారికి ఒక బెల్లం అచ్చు! ఇవాళ అవ్వను తలుపు తీయమన్న ఇద్దరిలో ఒకరికే బెల్లం దక్కిందట, రెండోవారు అలిగి ఉంటారేమోనని!"

గండభూపాలుడు ఆ బెల్లం అచ్చు కొరికి, కడుపు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వుకు మైనం కరిగి, మీసాలు రెండూ బిరుదుతో సహా కిందికి వాలిపోయాయి. వాటిని పైకి మెలేసుకోవాలన్న సంగతి ఆట అయ్యేదాకా ఆయనకు గుర్తే రాలేదు.